గుండం ఎవరి కోసం తొక్కుతారు?

డిసెంబరు సెలవులకు అనంతపురం వచ్చి అమ్మ ఇంట్లో ఉన్నాం. ఏప్రిల్‌లో బ్రిస్బేన్ నుంచి ఫిజీ దీవులకు క్రూజ్‌లో వెళ్తున్నాం. ఓడ లౌతోకాలో ఒక రోజు, సువాలో ఒక రోజు ఆగుతుంది. దిగి ఏం చూడాలో ముందే బుక్ చేసుకోవాలి. వరండాలో కూర్చుని లిస్టు చదువుతుంటే, పన్నెండేళ్ళ మావాడు నిప్పుల నడక షో దగ్గర ఆగిపోయాడు. అదే కావాలన్నాడు.

అమ్మ శనక్కాయలు ఒలుస్తూ వింటోంది. "ఆడ కూడా గుండం తొక్కుతారా? మొక్కుకుని తొక్కుతారా, టిక్కెట్టుకు తొక్కుతారా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతికాను. ఫిజీలో రెండూ ఉన్నాయి. బెంగా దీవిలోని సవావు తెగవాళ్ళు కాలిన రాళ్ళ మీద నడుస్తారు. టూరిస్టులకు చూపించేది ఎక్కువగా అదే. రెండోది మనవాళ్ళది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి, చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన తమిళుల, తెలుగువాళ్ళ వారసులు సువాలోని మారియమ్మ గుడిలో ఉపవాసాలుండి నిప్పుల మీద నడుస్తారు. అది జూలై, ఆగస్టు నెలల్లో. మాకు అందదు.

బెంగావాళ్ళు డబ్బు తీసుకుని చూపించడం తప్పని నేననను. అది వాళ్ళ విద్య, వాళ్ళ సంపాదన. కానీ మావాడు గూగూడు చూడలేదు. నార్పల దగ్గర ఆ ఊళ్ళో మొహర్రంకు కుళ్లాయిస్వామి పీరు లేస్తే, హిందువులూ ముస్లింలూ కలిసి చక్కెర చదివించి, అగ్నిగుండంలో నడుస్తారు. నాన్న భుజం మీద కూర్చుని చూసినప్పుడు ముఖానికి కొట్టిన సెగ నాకింకా గుర్తుంది. అలాంటి నడకను నా బిడ్డ మొదటిసారి కుర్చీలో కూర్చుని, ఐస్‌క్రీమ్ తింటూ చూడటం నాకు ఇష్టం లేకపోయింది. మర్నాడే కారు మాట్లాడుకుని గూగూడు వెళ్ళాం. పండగ రోజులు కావు, జనం లేరు. "ఇక్కడేనా? చెప్పుల్లేకుండానా?" అని వాడు రెండుసార్లు అడిగాడు.

తిరిగొచ్చి లిస్టు మళ్ళీ తీశాం. బడిపిల్లలు పాటలు పాడి చూపించే టూర్‌ను నేనే కొట్టేశాను. అనంతపురంలో మా బడి ముందు బస్సు ఆగి, నలభై మంది దిగి, పాఠం ఆపించి మమ్మల్ని ఫొటోలు తీసి ఉంటే మా అమ్మ ఊరుకునేదా? పల్లెకు తీసుకెళ్ళేవాటిలో మాత్రం ఒక్కోదాని గురించీ మెయిల్ పెట్టి అడిగాను: ఎంతమందిని తీసుకెళ్తారు, భోజనం ఎవరు వండుతారు, డబ్బులో ఊరికెంత చేరుతుంది అని. ఓడవాళ్ళ టూర్‌లో బస్సు నిండా జనం. బయటి టూర్‌లో పన్నెండు మందే. ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు కాబట్టి, బయలుదేరే వేళకు రెండు గంటల ముందే రేవుకు చేర్చే దాన్ని తీసుకున్నాం. సువాలో ఫిజీ మ్యూజియం చాలు. ఆ కూలీల కథ అక్కడుంది.

పల్లెకు ఉత్త చేతులతో పోకూడదట. కావా వేరు కట్ట ఇచ్చి, ఊళ్ళోకి రానిమ్మని అడగాలి. అది మిరియాల జాతి మొక్క. వేరు దంచి నీళ్ళలో కలిపి, కొబ్బరి చిప్పలో పోసిస్తారు. తాగితే నాలుక మొద్దుబారుతుంది. తాగే ముందు ఒక చప్పట్టు, తాగాక మూడు. టోపీ తీసేయాలి, చెప్పులు బయట విడవాలి, నేల మీద కూర్చోవాలి. ఎవరి తలా తాకకూడదు.

"అవ్వ ఇంట్లో లాగానే!" అంది ఎనిమిదేళ్ళ మా పాప.

పిల్లలకు కావా పోయరని తెలిసి దాని ముఖం వాడిపోయింది. అమ్మ లేచి, చట్నీకి కోరగా మిగిలిన చిప్ప కడిగి, మజ్జిగ పోసిచ్చింది. పాప ఒక చప్పట్టు కొట్టి, గటగటా తాగి, మూడు కొట్టింది.

"ఇంకో చిప్ప పొయ్యనా?" అంది అమ్మ.