జాకీ కొనే ముందు టేపు పట్టుకోండి

మహీంద్రా థార్ జీపుకి ఏ జాకీ కొనాలని అడిగేవాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని టన్నులది తీసుకోవాలన్నా?" టన్నుల సంగతి పక్కన పెట్టండి. బండి బరువంతా కలిపినా రెండు టన్నులకు కాస్త అటూ ఇటూ. అందులోనూ మనం ఎత్తేది ఒక మూలనే. బజార్లో దొరికే, నూనె ఒత్తిడితో లేచే చిన్న బాటిల్ జాకీ కూడా ఆ మాత్రం మోస్తుంది. అడగాల్సింది ఎత్తుల సంగతి. మూసి ఉన్నప్పుడు జాకీ ఎంత ఎత్తు ఉంటుంది? పూర్తిగా తెరిస్తే ఎంత?

నాది మూడు డోర్ల డీజిల్ థార్. ఉద్యోగం హైదరాబాద్‌లో, కంది చేను తాండూరు పక్కన. వానాకాలంలో తారురోడ్డు దిగితే చాలు, నల్లరేగడి. టైరు గాళ్లు పది అడుగుల్లోనే మట్టితో పూడుకుపోతాయి, ఆ తర్వాత టైరు నున్నటి గుండు. అందుకే ఈ గోలంతా నాకు వీకెండ్ సరదా కాదు, చేనుకు పోయే బాట.

ఇక టేపు లెక్క. థార్‌కి వచ్చే పెద్ద టైరు 255/65 ఆర్18. గాలి నిండుగా ఉంటే దాని ఎత్తు దాదాపు 79 సెంటీమీటర్లు. వెనక రెండు చక్రాలనూ కలిపే యాక్సిల్ గొట్టం అడుగు నేలకు సుమారు 34 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చాలామంది ఇక్కడే కొలత తీసుకుని, "ఓహో, బోలెడంత జాగా ఉంది" అనుకుని జాకీ కొనేస్తారు. కానీ జాకీ అవసరం పడేది టైరు పంక్చరైనప్పుడు కదా. గాలి మొత్తం పోయి రిమ్ము రబ్బరు మీద కూర్చుంటే యాక్సిల్ పది సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. కింద మెత్తటి నేల ఉంటే టైరు ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు కూరుకుపోతుంది. మిగిలేది జానెడు జాగా. మామూలు బాటిల్ జాకీలు చాలావరకు మూసినప్పుడే దాదాపు 20 సెంటీమీటర్లు ఉంటాయి, అవి అందులో దూరడం కష్టం. ఇంటి ముందు సిమెంటు నేల మీద బండి పెట్టి, ఒక వెనక టైరులో గాలి మొత్తం వదిలేసి, అప్పుడు టేపు పెట్టి చూడండి. ఎయిర్ పంపు ఎలాగూ బండిలో ఉంటుంది, మళ్లీ నింపుకోవచ్చు. ఆ కొలతే జాకీ కొనే కొలత.

నేను వాడేది డబుల్ రామ్ బాటిల్ జాకీ, అంటే ఒక పిస్టన్ లోపల ఇంకో పిస్టన్ ఉండే రకం. మూస్తే 17 సెంటీమీటర్లు, తెరిస్తే 37 దాటుతుంది. బండితో వచ్చిన కత్తెర జాకీ తారురోడ్డు మీద పంక్చరుకు బాగానే ఉంటుంది, దాన్ని తీసి పారేయమని చెప్పను. కాకపోతే బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ వేయించి పెద్ద టైర్లు ఎక్కించినవాళ్లకు దాని ఎత్తు చాలదు.

జాకీ ఎక్కడ ఆనించాలన్నది కూడా ఎత్తుల లెక్కలోకే వస్తుంది. చాసిస్, అంటే బండి ఇనుప చట్రం కింద పెట్టి లేపితే మొదట స్ప్రింగులు సాగుతాయి. బాడీ ఒక పక్కకు లేచిపోతుంటుంది, చక్రం మాత్రం నేలను వదలదు. థార్ వెనక యాక్సిల్ ఒకే మొద్దు కాబట్టి నేరుగా యాక్సిల్ గొట్టం కిందే పెట్టొచ్చు. స్ప్రింగు కూర్చునే చోటుకు దగ్గరగా, బ్రేక్ పైపుకు తగలకుండా పెట్టాలి. మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు కింద పెట్టకండి, గుండ్రటి దాని మీద జాకీ తల నిలవదు. ముందు వైపు సస్పెన్షన్ వేరే రకం కాబట్టి మాన్యువల్‌లో గుర్తు పెట్టిన చోటే పెట్టాలి. జిమ్నీ ఉన్నవాళ్లకు ముందూ వెనకా రెండూ మొద్దు యాక్సిళ్లే, వాళ్లకు ఈ బాధ లేదు.

ఇప్పుడు జాకీ కింద ఏం పెట్టాలి? మా తాండూరులో ఎవరిని అడిగినా "బండ పెట్టు" అంటారు. నాపరాయి గనుల ఊరు కదా, ఎటు చూసినా షాబాద్ బండ ముక్కలే. లారీలకు పంక్చర్లు వేసే ఒక పెద్దాయన షాపు దగ్గర నేను కూడా ఒక ముక్క తీసుకోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు బేటా, ఇది నేల పొడుగునా ఆని ఉంటేనే బరువు ఆపుతది. కింద ఒక దిక్కు మెత్తగ ఉంటే పటక్కున ఇరుగుతది" అన్నాడు. పక్కనే ఉన్న ముక్కను మట్టి మీద ఒక పక్క ఎత్తుగా పెట్టి మడమతో గట్టిగా తొక్కి చూపించాడు. బిస్కెట్టులా రెండయింది. పైగా తడిసిన బండ మీద జాకీ ఇనుప అడుగు జారుతుంది. ఆయన తన జాకీ కింద వాడేది పాత టేకు దూలం ముక్క. నేను 18 ఎంఎం ప్లైవుడ్ ముక్కలు రెండు, అడుగు చదరంగా కోయించి, జిగురు పెట్టి బోల్టులు బిగించాను. పైన జాకీ అడుగు జరగకుండా చుట్టూ సన్నటి రీపులు కొట్టించాను. ఈ చెక్క మందం మూడున్నర సెంటీమీటర్ల పైనే ఉంటుంది, జాగా లెక్కలో అది కూడా కలపాలి. చాలకపోతే చెక్క పట్టేంత మేర మట్టి తవ్వడమే. చిన్న పార అందుకే.

ఎత్తే ముందు చేసే పనులు అందరికీ తెలిసినవే: వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయాలి, ఎదురు చక్రానికి రెండు పక్కలా రాళ్లు పెట్టాలి. పెద్దగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. హ్యాండ్‌బ్రేక్ పనిచేసేది వెనక చక్రాలకే. వెనక చక్రం ఒకటి లేపారంటే దాని పట్టు సగం పోయినట్టే. అందుకని నాలుగు చక్రాలనూ కలిపే 'ఫోర్-లో' (4L) వేసి, గేరులో పెట్టి ఇంజను ఆపాలి. అప్పుడు ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. తీసిన టైరును చాసిస్ కింద పడేయాలి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది, మీ కాలి మీద కాదు.

హై లిఫ్ట్ గురించి అడగనివాళ్లు లేరు. బానెట్ మీద ఎర్రగా, ఏటవాలుగా కట్టుకునే పొడుగు జాకీ అదే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, బ్లూమ్‌ఫీల్డ్ అనే ఊళ్లో 1905లో చేయడం మొదలుపెట్టారు. నిజానికి అది రైతుల జాకీ. కంచె గుంజలు పీకడానికి కూడా వాడతారు. నాలుగడుగుల కడ్డీ, బరువు 13 కిలోల దాకా. ఇనుప బంపరు ఉన్న పాత జీపుకో, జిప్సీకో బాగా పనికొస్తుంది. ఇప్పటి బండ్లకు బంపర్లు ప్లాస్టిక్, ఆ జాకీ పెదవి ఎక్కడ ఆనిస్తారు? ఇనుప బంపరో, గట్టి సైడ్ రెయిలో వేయించనిదే అది ఊరికే అలంకారం. చక్రం రిమ్ముకే తగిలించే పట్టీ కొక్కేలు దొరుకుతాయి. వాటితో నేరుగా చక్రాన్నే లేపొచ్చు, స్ప్రింగు సాగే గొడవ ఉండదు. రేగడిలో దిగబడిన చక్రాన్ని అలా లేపి, గుంతలో రాళ్లూ కందికట్టెల కట్టా కుక్కి దించితే బండి తన కాళ్ల మీద తనే బయటికొస్తుంది.

కానీ దాని పిడి దగ్గర జాగ్రత్త. దించేటప్పుడు బరువంతా పిడి మీదికి వస్తుంది. చెయ్యి వదిలితే అది రెప్పపాటులో పైకి లేచి దవడ పగలగొడుతుంది. మీట మార్చే ముందు పిడిని కడ్డీకి నిటారుగా ఆనించి పెట్టాలి, తల ఎప్పుడూ పిడి దారిలో ఉండకూడదు. ఇంకో సంగతి, దాదాపు 70 కిలోల కన్నా తక్కువ బరువుంటే అది మెట్టు మెట్టుగా దిగదు, ఒక్కసారిగా జారిపోతుంది. పిల్లలు చుట్టూ ఉన్నచోట నేనైతే దాన్ని బయటికే తీయను.

సైలెన్సర్ పొగతో ఉబ్బే గాలి సంచి జాకీ ఇసుకలో బ్రహ్మాండం. మా దగ్గర కంది కొయ్యకాళ్లకు దాన్ని అప్పగించడం నా వల్ల కాదు.

బాటిల్ జాకీని డిక్కీలో పడుకోబెట్టి నెలల తరబడి తిప్పితే నూనెలోకి గాలి చేరి, అవసరానికి ఎంత కొట్టినా లేవదు. నిలబెట్టి పట్టీతో కట్టండి. గాలి చేరిందనిపిస్తే రిలీజ్ వాల్వ్ వదులు చేసి ఖాళీగా కొన్నిసార్లు కొట్టి బిగిస్తే సర్దుకుంటుంది. పిడిని కూడా జాకీతోనే కట్టేయాలి, లేకపోతే సరిగ్గా ఆ రోజే కనబడదు. మా నాన్న ట్రాక్టర్ ట్రాలీకి కావాలని నా మొదటి జాకీ తీసుకుపోయాడు. అది తిరిగి రాలేదు, నేనూ అడగలేదు. ఇందాక కొలతలు చెప్పింది రెండోదానివి.