ఇస్త్రీ పెట్టె కింద కాగితం

పదకొండున్నర దాటింది. నిద్ర రావట్లేదు.

సీమంతం బాగానే జరిగింది. పిల్ల ముఖం కళకళలాడుతూ ఉంది, పులిహోర కుదిరింది. సంతోషం అంతవరకే.

గాజులు తొడిగే వేళకి చిన్నకోడలు ముందుకొచ్చింది. పెద్దకోడలు ఆమె మోచెయ్యి పట్టుకుని "నువ్వు తర్వాత తొడుగుదువులే" అంది. గట్టిగా కూడా అనలేదు. ఎందుకందో అక్కడున్న అందరికీ తెలుసు. పెళ్ళయి ఆరేళ్ళయింది, ఇంకా పిల్లల్లేరు. చిన్నకోడలు చేతిలో ఉన్న రెండు ఆకుపచ్చ గాజులూ పళ్ళెంలో పెట్టేసి వెనక్కి జరిగింది. కాసేపటికి వంటింట్లో మాటా మాటా పెరిగింది. హాల్లోంచి బావగారు పెద్దగా నవ్వి, "ఊరికే అన్నారా, ఆడదానికి ఆడదే శత్రువని!" అన్నారు. అందరూ నవ్వారు. ఆడవాళ్ళమూ నవ్వాం. నేనూ నవ్వాను.

పక్కమీద పడుకున్నప్పటినుంచి ఆ నవ్వే నన్ను తొలిచేస్తోంది.

నెల రోజులుగా రావెన్స్‌బ్రూక్ గురించే చదువుతున్నాను. బెర్లిన్‌కి ఉత్తరాన 90 కిలోమీటర్ల దూరంలో, చెరువు పక్కన, 1939 మేలో నాజీలు ఆడవాళ్ళ కోసమే తెరిచిన శిబిరం. ఆరేళ్ళలో 1,20,000 మందికి పైగా ఆడవాళ్ళు అందులోకి వెళ్ళారు. ఆ నెల రోజుల చదువూ నాలో ఉండగా ఆ మాటకి ఎలా నవ్వాను? అప్పుడే లేచి చెప్పాల్సింది, "బావగారూ, లూబ్లిన్ పిల్లల సంగతి చెప్తాను, కూర్చోండి" అని.

పోలండ్‌లోని లూబ్లిన్ నుంచి 1941 సెప్టెంబరులో తీసుకొచ్చిన రాజకీయ ఖైదీలు వాళ్ళు. చాలామంది చదువుకునే వయసు పిల్లలే. 1942 ఆగస్టు నుంచి వాళ్ళని ఆసుపత్రికి పిలిచి, ఏ జబ్బూ లేని కాళ్ళు కోసి, గాయాల్లో సూక్ష్మక్రిములు, చెక్కపేళ్ళు, గాజుముక్కలు పెట్టి కుట్టేశారు. గాయాలు చీముపట్టకుండా వాడే సల్ఫా మందులు పనిచేస్తాయో లేదో చూడ్డానికట. అలా 74 మంది పోలిష్ ఆడపిల్లలు. ఒంటికాలిమీద గెంతుతూ నడిచేవాళ్ళు కాబట్టి, ప్రయోగశాల జంతువులయ్యారు కాబట్టి, శిబిరంలో వాళ్ళ పేరు "కుందేళ్ళు".

ఇంటికి రాయనిచ్చేది నెలకొక ఉత్తరం, అదీ జర్మన్‌లో, సెన్సారు చూశాక. వాళ్ళలో క్రిస్టినా చిజ్ అనే అమ్మాయి, ఇంకో ముగ్గురు స్నేహితురాళ్ళు, ఆ మామూలు ఉత్తరం వరసల మధ్య మూత్రంతో రాశారు. ఆరితే ఏమీ కనపడదు. ఇంట్లోవాళ్ళకి తెలిసేదెలా? చిన్నప్పుడు ఇంట్లో చదువుకున్న ఒక నవలని క్రిస్టినా ఉత్తరంలో గుర్తుచేసింది. అందులో వరసల మొదటి అక్షరాల్లో రహస్యం దాగుంటుంది. ఇంట్లోవాళ్ళు ఈ ఉత్తరంలోనూ వరసల మొదటి అక్షరాలు కూడబలుక్కుని చదివారు: "మూత్రంతో ఉత్తరం". కాగితం మీద ఇస్త్రీ పెట్టె పెట్టారు. అక్షరాలు బయటపడ్డాయి.

ఇది చదివినరోజు అమ్మమ్మగారి వరండా ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. వేసవి సెలవులు. నేను, పెద్దమామయ్య కూతురు నిమ్మరసంలో కొబ్బరీనె ముంచి నోటుపుస్తకం కాగితం మీద రాసేవాళ్ళం. అమ్మమ్మ బొగ్గుల ఇస్త్రీ పెట్టె ముందు కూర్చుని, విసనకర్రతో నిప్పులు రాజేసి, తాతయ్య పంచె మీద నీళ్ళు చిలకరించేది. చుయ్యిమనే చప్పుడు, బొగ్గు వాసన. "మాదీ ఒకసారి రుద్దవే" అని కాగితం ఇచ్చేవాళ్ళం. గోధుమరంగులో అక్షరాలు తేలేవి: "రాత్రికి మామిడికాయలు. ఉప్పు నువ్వు తే." అమ్మమ్మ చదివేది. చదివి, ఏమీ ఎరగనట్టు కాగితం మడిచి నా చేతిలో పెట్టేది. ఆ రాత్రి ఉప్పు డబ్బా అందే ఎత్తులో ఉండేది. లూబ్లిన్‌లో ఆ ఇస్త్రీ పట్టిన చేతికి గోధుమరంగులో కనపడ్డది కూతురి కాలు కోసిన సంగతి.

1945 ఫిబ్రవరిలో ఆ కుందేళ్ళని చంపేయమని ఉత్తర్వు వచ్చింది, సాక్ష్యం మిగలకూడదని. శిబిరమంతా వాళ్ళని దాచింది. బారకుల నేల కింద దాచారు. చనిపోయినవాళ్ళ నంబర్లు వీళ్ళకి తగిలించారు. హాజరు వేళ వీళ్ళని పట్టుకోబోతుంటే, కరెంటు పనిచేసే రష్యన్ ఖైదీలు దీపాలు ఆర్పేశారు. ఆ చీకట్లో పిల్లలు గుంపులో కలిసిపోయారు. 74 మందిలో 63 మంది బతికి బయటపడ్డారు.

ఇదంతా బావగారికి చెప్పాలనే లేచి టైపు చెయ్యడం మొదలుపెట్టాను. కానీ ఇక్కడిదాకా వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ కాళ్ళు కోసినవాళ్ళలో హెర్టా ఓబర్‌హ్యూజర్ అనే డాక్టరుంది. ఆడమనిషే. యుద్ధం అయ్యాక నాజీ డాక్టర్ల మీద నురెంబర్గ్‌లో జరిగిన విచారణలో, ముద్దాయిల్లో ఒకే ఒక్క ఆడది. 20 ఏళ్ళ శిక్ష వేసి, 1952లోనే వదిలేశారు. మళ్ళీ ప్రాక్టీసు పెట్టుకుంది. ఒక పాత ఖైదీ గుర్తుపట్టాక గొడవ జరిగి, 1958లో లైసెన్సు పోయింది. ఆ శిబిరంలో కాపలా పని నేర్చుకున్న ఆడవాళ్ళు 3,000 మందికి పైనే. ఇది దాచిపెట్టి కుందేళ్ళ కథ ఒక్కటే చెప్తే, నేను బావగారితో తగువు గెలవడానికి ఆ పిల్లల్ని వాడుకున్నట్టే. అది నాకిష్టం లేదు.

పైగా దీపాలార్పిన రష్యన్ ఆడవాళ్ళ దేశం వేరు, ఆ పోలిష్ పిల్లల దేశం వేరు, భాషా వేరు. ఆడవాళ్ళమనే ఆర్పారని నేనెలా అంటాను? పక్క వరసలో నిలబడ్డ మనిషిని తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేక ఆర్పారు. తెలిస్తే తమ ప్రాణాలు పోతాయని ఎరిగే ఆర్పారు.

ఈరోజు నాకు పోయేదేముంది? ఆ గాజులు పళ్ళెంలోంచి తీసి, "రామ్మా, నువ్వే ముందు తొడుగు" అనడానికి ఏం అడ్డొచ్చింది? పెద్దకోడలిని ఇప్పటిదాకా మనసులో తిట్టుకుంటున్నాను, బావగారిని కూడా. నేను మాత్రం పళ్ళెం పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో కూర్చున్నాను.

చిన్నకోడలు భోంచెయ్యకుండానే వెళ్ళిపోయింది. తన స్టీలు గిన్నె ఇక్కడే ఉండిపోయింది, చలిమిడి తెచ్చినది. మూత మీద చుక్కలతో తన పేరు కొట్టించుకుంది. గిన్నె తోమి ఎండబెట్టాను. పొద్దున ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఆటో ఎక్కుతాను. ఆ రెండు గాజులూ ఆ గిన్నెలోనే వేశాను.