పెడెస్టల్ ఫ్యాన్, దారాల రెక్క, తెర మీద సెస్నా: స్టాల్ పని ఎంతవరకు వచ్చిందంటే

నేనుండేది బెంగళూరు మురుగేశ్‌పాళ్యలో, విండ్ టన్నెల్ రోడ్డుకు దగ్గర్లోనే. ఆ రోడ్డుకు ఆ పేరు ఊరికే రాలేదు. నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్ వారి విండ్ టన్నెళ్లు అటువైపే ఉన్నాయి. మనకంత భాగ్యం లేదు కాబట్టి హాల్లో ఉన్న పెడెస్టల్ ఫ్యాన్‌తో సరిపెట్టుకున్నాను.

కంప్యూటర్లో సెస్నా 172 అనే చిన్న విమానం నడపడం కాస్త అలవాటయ్యాక, స్టాల్ (రెక్క గాలి మీద పట్టు కోల్పోయి విమానాన్ని మోయలేకపోవడం) అనగానే ప్రతివాళ్లూ ఒక వేగం అంకె అప్పజెప్పడం నాకు రుచించలేదు. రెక్క పట్టు వదిలేది వేగం తగ్గినందుకు కాదు, ఎదురుగా వచ్చే గాలికీ రెక్కకూ మధ్య ఉన్న కోణం హద్దు మీరినందుకు. అదే యాంగిల్ ఆఫ్ అటాక్. ఈ మాట పుస్తకాలన్నిటిలోనూ ఉంది, చదివి తల ఊపడం తేలికే. కళ్లారా చూడాలనే ఈ తంటా అంతా.

ముందు రెక్క సంగతి. సెస్నా 172 రెక్క అడ్డుకోత ఆకారం నాకా 2412 అనే ప్రామాణిక నమూనా. దాన్ని 20 సెంటీమీటర్ల వెడల్పుకు ప్రింటు తీసి, రెండు పలచని ప్లైవుడ్ ముక్కల మీద అంటించి కోసుకున్నాను. టీవీ పెట్టెలోంచి వచ్చిన థర్మోకోల్ దిమ్మకు అటొకటి ఇటొకటి బిగించి, వేడి చేసిన నైక్రోమ్ తీగను వాటి అంచుల వెంట నడిపితే రెక్క తయారు. తీగను ఇద్దరు పట్టుకోవాలి, ఇద్దరూ ఒకే వేగంతో లాగాలి. ఒకరు తొందరపడితే మధ్యలో గాడి పడుతుంది. కిటికీలు తెరిచి ఉంచండి, ఆ పొగ మంచిది కాదు. పైన నున్నగా ప్యాకింగ్ టేపు చుట్టాను.

రెక్క మీద గాలి ఎటు పారుతోందో చూపించే దారాలకు ఊలు పనికిరాదు. ఫ్యాన్ గాలి సెకనుకు నాలుగు మీటర్లు దాటదు, ఆ గాలికి ఊలు బరువెక్కువ. నల్లటి కుట్టుదారం మూడేసి సెంటీమీటర్లు తుంచి, ముందంచు నుంచి వెనకంచు దాకా వరుసలుగా సెల్లోటేపుతో అంటించాను. ఇక ఫ్యాన్ గాలి నేరుగా రాదు, సుడి తిరుగుతూ వస్తుంది. దాన్ని దారిలో పెట్టడానికి కాగితపు స్ట్రాలను తేనెపట్టులా పేర్చి, ఫెవికాల్‌తో అట్టపెట్టెలో బిగించాను. స్ట్రా పొడవు దాని వ్యాసానికి కనీసం ఎనిమిది రెట్లు ఉంటే మేలు. రెక్కను ఫ్యాన్‌కు దాదాపు మీటరు దూరంలో పెట్టాలి. దగ్గర పెడితే ఫ్యాన్ బొడ్డుకు ఎదురుగా గాలి చచ్చి ఉంటుంది. కోణం కొలవడానికి మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని కోణమానిని.

చూసింది ఇది. నాలుగైదు డిగ్రీల దగ్గర దారాలన్నీ దువ్వినట్టు వెనక్కి పడుకుని ఉంటాయి. ఎనిమిది దగ్గర వెనకంచు వరుస మాత్రమే వణకడం మొదలవుతుంది. పదకొండు దాటేసరికి ఆ వరుసలో కొన్ని దారాలు లేచి ఏకంగా ముందుకు, గాలికి ఎదురు తిరుగుతాయి. నేను ఎక్కువసేపు చూస్తూ కూర్చున్నది ఇక్కడే. రెక్క పైభాగాన్ని అంటి పారాల్సిన గాలి విడిపోయి, కింది పొరలో వెనక్కి పారుతోందన్నమాట. ఇంకో డిగ్రీ పెంచితే ఆ గలభా ముందంచు దాకా పాకుతుంది. తమాషా ఏమిటంటే, ఒకసారి విడిపోయాక కోణం ఒక్క డిగ్రీ తగ్గిస్తే చాలదు. ఇంకా బాగా కిందికి దించితే గానీ దారాలు మళ్లీ పడుకోవు.

అసలు పరీక్ష ఆ తర్వాతిది. ఫ్యాన్ రెగ్యులేటర్‌ను ఒకటి, రెండు, మూడు మీదికి మార్చి చూశాను. గాలి వేగం బాగా పెరిగింది. దారాలు ఎదురు తిరిగిన కోణం మాత్రం ఒక డిగ్రీ అటూ ఇటూ, అంతే. నిజం విమానంలో ఈ హద్దు 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటుంది. ఇంత చిన్న రెక్క, ఇంత నెమ్మది గాలి అయితే పొర తొందరగా విడిపోతుంది కాబట్టి నాకు పదకొండుకే వచ్చింది. కాబట్టి నా అంకెను పట్టించుకోనక్కర్లేదు. అది వేగంతో పాటు కదలలేదన్నదే పట్టించుకోవాలి.

ఇక తెర మీదికి. నేను వాడే విమాన సిమ్యులేటర్ ఎక్స్-ప్లేన్. ఎక్స్-ప్లేన్ సెట్టింగ్స్‌లో డేటా అవుట్‌పుట్ అనే పేజీ ఉంది. అందులో 3వ వరుస వేగాలు, 17వది ముక్కు ఎత్తు, వాలు, 18వది యాంగిల్ ఆఫ్ అటాక్, విమానం వెళ్లే దారి. వీటికి కాక్‌పిట్‌లో చూపించు, ఫైల్లో రాయి అన్న రెండు గళ్లూ టిక్ చేస్తే అంకెలు తెర మూలన కనిపిస్తాయి, డేటా.టీఎక్స్‌టీ ఫైల్లోకీ చేరతాయి. దాన్ని ఎక్సెల్‌లో తెరిచి గ్రాఫ్ గీసుకోవచ్చు. బరువు 2,550 పౌండ్లకు, అంటే 172ఎస్ గరిష్ఠ బరువుకు పెట్టి, ఫ్లాపులు (రెక్క వెనకంచున దిగే పలకలు) ఎత్తి, ఇంజన్ పవర్ తీసేసి మొదలుపెట్టాను.

నెమ్మదిగా వేగం తగ్గిస్తూ పోతే విమానం పట్టు తప్పినప్పుడు ముక్కు 9 డిగ్రీలు పైకి ఉంది, విమానం మాత్రం 8 డిగ్రీలు కిందికి జారుతోంది. తేడా 17, అదే యాంగిల్ ఆఫ్ అటాక్. తర్వాత డైవ్ చేసి గట్టిగా లాగాను: ముక్కు 12 కిందికి, దారి 29 కిందికి, వేగం 90 నాట్ల (గంటకు నాటికల్ మైళ్ల) పైచిలుకు. తేడా మళ్లీ 17. ముక్కు నేల వైపు చూస్తున్నా, వేగం దండిగా ఉన్నా స్టాలే. ఈ రెండోది సిమ్యులేటర్లో చేసుకోవలసిందే, అసలు విమానంలో సరదాకు చేసే పని కాదు.

హ్యాండ్‌బుక్‌లోని (విమానంతో వచ్చే పుస్తకం) అంకెలు కూడా ఇదే చెబుతాయి. రెక్కలు సమంగా ఉంటే స్టాల్ 48 నాట్లు. మలుపులో 45 డిగ్రీలు పక్కకు వాలితే 57. 60 డిగ్రీల వాలులో రెక్క రెండింతల బరువు మోయాలి కాబట్టి రెండు వర్గమూలంతో హెచ్చిస్తే 68. బరువు తగ్గితే ఈ అంకెలు కూడా తగ్గుతాయి. పైగా ఆ 48 వేగం డయల్ చూపించే అంకె, సవరిస్తే 53. ముక్కు అంత ఎత్తినప్పుడు వేగం కొలిచే పిటాట్ గొట్టానికి గాలి తిన్నగా తగలదు, డయల్ తక్కువ చూపిస్తుంది. ఇన్ని సవరణలు కావలసిన అంకెను అంత నమ్మకంగా ఎలా వల్లిస్తారో నాకు అర్థం కాదు.

స్టాల్ దగ్గరపడితే హెచ్చరించే హారన్ గురించి మా పక్క ఫ్లాట్ కుర్రాడి దగ్గర తెలుసుకున్నాను. విజయవాడ అబ్బాయి, జక్కూరులో విమానం నేర్చుకుంటున్నాడు. "అన్నయ్యా, పొద్దున్నే రెక్కకు నోరు పెట్టి పీల్చేవాళ్లను మీరెక్కడైనా చూశారా?" అన్నాడు. సెస్నా ఎడమ రెక్క ముందంచులో చిన్న రంధ్రం ఉంటుంది. దాని మీద శుభ్రమైన చేతిరుమాలు వేసి నోటితో పీలిస్తే లోపల పీక మోగుతుంది. ఎగరబోయే ముందు పరీక్ష అదే. కోణం తక్కువగా ఉన్నప్పుడు ఎదురుగాలి నేరుగా ఆ రంధ్రాన్ని నొక్కుతుంది. కోణం పెరిగేకొద్దీ ఆ నొక్కుడు చోటు కిందికి జరిగి, రంధ్రం దగ్గర పీడనం తగ్గి, గాలి బయటికి లాగబడి పీక కూస్తుంది. స్టాల్‌కు 5 నుంచి 10 నాట్ల ముందే. కరెంటు లేదు, లెక్క లేదు, వేగంతో పని లేదు. నలభై ఏళ్ల నాటి సెస్నాలో కూడా కోణం కొలిచే సాధనం ఉన్నట్టేగా!

జాయ్‌స్టిక్ మీద ఒక చిన్న ప్రయోగం చేశాను, ఎవరైనా చేసుకోవచ్చు. పీఠం పక్కన కాగితపు పట్టీ అంటించి, స్టాల్ అయిన ప్రతిసారీ స్టిక్ ఎంత వెనక్కి వచ్చిందో పెన్సిల్‌తో గీత పెట్టడమే. ట్రిమ్ (స్టిక్ మీది ఒత్తిడి తగ్గించే సర్దుబాటు) ముట్టుకోకూడదు. పవర్ తీసేసిన గీతలన్నీ వేగం ఎంతైనా దాదాపు ఒకే చోట పడ్డాయి. గట్టి మలుపులో మాత్రం గీత కాస్త వెనక్కి పోయింది, విమానం తిరుగుతూ ఉండటం వల్ల తోక కొంత అడ్డుపడుతుంది. పూర్తి పవర్‌లో గీత ముందుకు వచ్చింది. ప్రొపెల్లర్ గాలి తోకకు తగిలి, ముక్కును ఎత్తే దించే పలక అయిన ఎలివేటర్‌కు బలం పెరుగుతుంది. స్టాల్ నుంచి బయటపడాలంటే మొదట స్టిక్ ముందుకు, తర్వాతే పవర్ అని ఎందుకు నేర్పుతారో ఈ పట్టీ చూశాక నాకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

మన ఊరి ఎత్తు సుమారు 3,000 అడుగులు. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, డయల్ మీద 61 నాట్లు ఉంటే నిజంగా 66 దాకా పోతుంటాం. స్టాల్ దగ్గర డయల్ అంకె మాత్రం మారదు, రన్‌వే ఎక్కువ పడుతుంది. అంతకు మించి దీని గురించి బెంగపడనక్కర్లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది మెలి తిప్పిన రెక్క. సెస్నా రెక్క చివర, విమానానికి అతికిన మొదలు కంటే సుమారు మూడు డిగ్రీలు ముందంచు కిందికి వాలి ఉంటుంది. మొదలు ముందు స్టాల్ అయి, చివర ఉన్న, విమానాన్ని పక్కలకు వాల్చే ఎయిలెరాన్లకు ఇంకా పట్టు మిగలాలని ఆ ఏర్పాటు. రెండో ప్లైవుడ్ ముక్కను మూడు డిగ్రీలు తిప్పి బిగించి కోశాను. మొదటి చూపులో మొదలు వైపు దారాలే ముందుగా ఎదురు తిరిగాయి, చివరవి పడుకునే ఉన్నాయి. కానీ ఆ వైపు స్ట్రాల పెట్టెలో కొన్ని గొట్టాలు నలిగి ఉన్నాయి. రెక్కను అటు నుంచి ఇటు తిప్పి మళ్లీ చూడాలి. అప్పుడు కూడా మొదలే ముందు లొంగితే మెలిక పనిచేసినట్టు, లేకపోతే ఇంకో పెట్టె స్ట్రాలు కొనాలి.