ఛాంబర్‌లోకి ఎప్పుడు: రేడియేషన్‌తో పాటా, అయిపోయాకా?

ఇక్కడ ఛాంబర్ అంటే మామూలుకన్నా ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్పించే మూసిన గది (హైపర్‌బారిక్ ఛాంబర్). క్యాన్సర్ గడ్డలో రక్తనాళానికి 100–150 మైక్రాన్లు దాటి ఉన్న కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు. అలాంటి కణాన్ని చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల రేడియేషన్ కావాలి. కిరణం డీఎన్‌ఏకి చేసిన గాయాన్ని మానకుండా చేసేది ఆక్సిజనే మరి.

అందుకే 1955 నాటికే లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో చర్చిల్-డేవిడ్‌సన్ బృందం రోగిని 3 అట్మాస్ఫియర్ల (మామూలు గాలి పీడనానికి మూడు రెట్ల) ఛాంబర్‌లో పడుకోబెట్టి రేడియేషన్ ఇచ్చింది. తర్వాతి ట్రయల్స్‌లో తల, మెడ క్యాన్సర్లు కొంత మెరుగ్గా అదుపులోకి వచ్చాయి. కాకపోతే వాటిలో చాలావరకు తక్కువ సిట్టింగులు, ఒక్కోసారికి పెద్ద డోసు. పక్క కణజాలం దెబ్బతినడమూ పెరిగింది, కొందరికి ఫిట్స్ వచ్చాయి. తల కదలకుండా మాస్కు బిగించి మిల్లీమీటర్ల లెక్కన గురిపెట్టే ఇప్పటి మెషిన్ల కింద ఛాంబర్ పెట్టడం కుదిరే పని కాదు. జపాన్‌లో మెదడు గడ్డలకు, ఛాంబర్ నుంచి బయటికొచ్చిన 15 నిమిషాల్లోపు రేడియేషన్ ఇచ్చి చూశారు. ఆలస్యమైతే గడ్డలో చేరిన ఆక్సిజన్ తరిగిపోతుంది. అది మామూలు వైద్యంగా మాత్రం మారలేదు. "రేడియేషన్‌తో పాటే పెట్టించండి" అని ప్యాకేజీ అమ్మేవాళ్లను అనుమానించాల్సిందే.

ఛాంబర్ అసలు వాడకం రేడియేషన్ అయిపోయిన నెలలకో, ఏళ్లకో. సన్న రక్తనాళాలు మూసుకుపోయి దవడ ఎముక బయటపడటం, మూత్రంలో రక్తం పడటం లాంటివాటికి. 2–2.4 అట్మాస్ఫియర్లు, పూటకు 90 నిమిషాలు, వారానికి 5 రోజులు, మొత్తం 30–40 సిట్టింగులు. మూత్రాశయం విషయంలో 2019 నాటి రిచ్-ఆర్ట్ ట్రయల్ మేలు చూపించింది. దవడ సంగతి వేరు. పన్ను తీసే ముందు 20, తీశాక 10 సిట్టింగులన్న పాత లెక్కను అందరికీ వర్తింపజేస్తే లాభం లేదని అదే ఏడాది వచ్చిన హోపాన్ ట్రయల్ తేల్చింది. చచ్చిన ఎముకను ఆక్సిజన్ బతికించదు, దాన్ని కోసి తీయాల్సిందే. పుచ్చిపళ్లు రేడియేషన్ మొదలవడానికి రెండు మూడు వారాల ముందే తీయించుకోవడం వీటన్నిటికన్నా చవక.

2.4 అట్మాస్ఫియర్లంటే సముద్రంలో 14 మీటర్ల లోతున ఉన్నట్టు. చెవి బిగుసుకున్న క్షణమే చెప్పాలి, ఓర్చుకుంటే కర్ణభేరికి దెబ్బ. జలుబుంటే ఆరోజు మానేయాలి. తలకు కొబ్బరినూనె, జెల్, పాలిస్టర్ చీర, ఫోను, అగ్గిపెట్టె ఏవీ లోపలికి పోకూడదు: అంత ఆక్సిజన్‌లో నిప్పురవ్వ చాలు. షుగర్ ఉన్నవాళ్లు తిని, పరీక్ష చేయించుకుని వెళ్లాలి, లోపల షుగర్ పడిపోవచ్చు. గతంలో బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కించుకుని ఉంటే ముందే చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే ఛాంబర్ ప్రాణం తీస్తుంది. మధ్యమధ్య 5 నిమిషాలు మామూలు గాలి పీల్చనిచ్చేది ఫిట్స్ రాకుండా.

సిట్టింగులు పెరిగేకొద్దీ దూరపు చూపు మసకబారుతుంది. కొత్త అద్దాలు చేయించకండి, రెండు మూడు నెలలాగితే చాలామందికి చూపు మునుపటిలాగే వస్తుంది. ఇక 1.3 అట్మాస్ఫియర్ల గాలిసంచీ ఛాంబర్లంటారా, పైన చెప్పిన వైద్యానికీ వాటికీ సంబంధం లేదు.