అందరి దవడకూ ఒకే కొలతా?

పళ్ల వరస సరిచేసే ముందు పక్క నుంచి తీసే తల ఎక్స్‌రే మీద ఏఎన్‌బీ కోణం (పై దవడకూ కింది దవడకూ ముందూవెనకల తేడా చెప్పే కొలత) 5 డిగ్రీలు రాగానే "కింది దవడ వెనక్కి ఉంది" అని తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు. 2 డిగ్రీలు నార్మల్ అని 1953లో ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే డాక్టర్) స్టైనర్ చెప్పింది యూరోపియన్ మూలాలున్న అమెరికన్ల ముఖాలను దృష్టిలో పెట్టుకుని. ఆఫ్రికన్ మూలాలున్నవాళ్లలో సగటే అంతకంటే ఎక్కువ, పళ్లూ పెదవులూ కాస్త ముందుకు ఉండటం అక్కడ మామూలే, మరి దాన్ని జబ్బులా చూస్తే ఎలా?

పైగా ఈ కోణం దవడలను మాత్రమే కొలవదు. నుదుటి ఎముక, ముక్కు ఎముక కలిసే చోటు నేజియన్. అక్కడి నుంచి పై దవడ మీది ఏ బిందువుకో గీత, కింది దవడ మీది బీ బిందువుకో గీత గీసి మధ్య కోణం చూస్తారు. నేజియన్ కాస్త ముందుకు ఉందంటే చాలు, దవడలు ఉన్నచోటే ఉన్నా కోణం తగ్గిపోతుంది!

అందుకే 1975లో ఆర్థోడాంటిస్ట్ జేకబ్సన్ విట్స్ అనే ఇంకో కొలత పద్ధతి తెచ్చారు. నేజియన్ జోలికే పోకుండా, ఏ, బీ బిందువుల నుంచి పళ్లు కలిసే తలం మీదికి లంబాలు దించి, అవి తాకిన చోట్ల మధ్య దూరం కొలవడం. ఆడవాళ్లలో 0, మగవాళ్లలో మైనస్ 1 మిల్లీమీటర్ (మైనస్ అంటే బీ ముందుకు ఉన్నట్టు) ఆయనకొచ్చిన సగటు. కానీ ఆ తలం వాలు మారితే ఇదీ మారిపోతుంది, ట్రీట్‌మెంట్ మధ్యలో మరీను.

నన్నడిగితే రెండూ కొలవాలి, ఆ జనాభా సగటుతోనే పోల్చాలి, తేడా వస్తే పేషెంట్ ముఖాన్ని పక్క నుంచి చూసి, పెదవులు బలవంతం లేకుండా మూసుకుంటున్నాయో లేదో గమనించాకే పన్ను పీకే మాట ఎత్తాలి.