మూడు వారాలు నీలం రంగు చూశాను

ఇవాళ పొద్దున జెల్ (ప్రొటీన్లను విడదీసే జెల్లీ పలక) మీద గీతలు కనబడ్డాయి. ఆ ఊపులోనే రాస్తున్నాను.

మాది గరివిడి దగ్గర. చిన్నప్పుడు మాంగనీసు లారీల దుమ్ముకి ముక్కు మూసుకున్నవాణ్ణి, బెంగళూరు వచ్చి అదే మాంగనీసును ఈ.కోలైలో వెతుకుతున్నాను. ఆక్సిజన్‌లో పెరిగే ఈ బ్యాక్టీరియాకు సూపరాక్సైడ్ అనే విషపు ఆక్సిజన్ రూపం పెద్ద బెడద. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఆక్సిజన్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. పెరాక్సైడ్ పని కెటలేజ్ అనే మరో ఎంజైమ్ పడుతుంది. ఈ.కోలైలో డిస్మ్యుటేజ్‌లు మూడు: మాంగనీసుది, ఇనుముది, రాగి-జింకుది. నాకు కావాల్సింది మొదటి రెండు.

కణాలు పెంచడం, పగలగొట్టడం ఒక్కరోజు పని. చచ్చింది జెల్ దగ్గర. 1971 నాటి పద్ధతి ఇది. జెల్‌ను ఎన్‌బీటీ (సూపరాక్సైడ్ తగిలితే నీలమయ్యే మందు), రైబోఫ్లేవిన్ (వెలుగు పడితే సూపరాక్సైడ్ పుట్టించే విటమిన్) కలిపిన నీళ్లలో నానబెట్టి లైటు కింద పెడితే సూపరాక్సైడ్ పుట్టి జెల్ అంతా నీలమవుతుంది. ఎంజైమ్ ఉన్నచోట మాత్రం రంగు పట్టదు. నాకు అంతా నీలమే. ఎన్‌బీటీ పాడైందేమోనని కొత్తది తెప్పించాను, దానికి నాలుగు సంతకాలు, పది రోజులు. ట్యూబ్‌లైట్ మార్చాను. మళ్లీ నీలమే.

ల్యాబ్ మీటింగులో గైడ్ గారు జెల్‌ను కిటికీ వెలుగుకి పట్టుకుని, "రంగు బాగా వేశావు, మా ఇంటి గోడలకి కూడా వేస్తావా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ రోజు మెస్సుకి వెళ్లలేదు.

మొన్న అనంతపురం నుంచి వచ్చిన కొత్త జూనియర్ నా పక్కన నిలబడి, "అన్నా, శాంపిల్ ఎందుకు ఉడకబెడుతున్నావు? ఎంజైమ్ బతికుండాలి కదా?" అంది.

చెమట పట్టింది. బల్ల మీద అందరూ వాడే లోడింగ్ డైలో (జెల్‌లో పోసేముందు శాంపిల్‌కి కలిపే రంగులో) ప్రొటీన్ల మడతలు విప్పేసే ఎస్‌డీఎస్ ఉంది, పైగా అలవాటు కొద్దీ 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు. జెల్‌లోకి దిగకముందే ఎంజైమ్‌ను నేనే చంపేస్తున్నాను. సీనియర్ ఇచ్చిన కాగితంలో "మామూలుగా డై కలపాలి" అని ఉంది. ఏ మామూలు? అందుకే మీ డై మీరే చేసుకోండి, ఊరుమ్మడి సీసాలు ముట్టుకోకండి. ఆ మహానుభావుడు ఇప్పుడు విదేశాల్లో ఉన్నాడు, చదివితే చదవనీ.

ఇవాళ ఎస్‌డీఎస్ లేదు, ఉడకబెట్టడం లేదు. నీలంలో మూడు తెల్ల గీతలు తేలాయి. పైది మాంగనీసు, కిందది ఇనుము, మధ్యది రెండింటి సగాలూ కలిసింది. రెండో జెల్‌ను ముందు పెరాక్సైడ్‌లో నానబెట్టాను. పెరాక్సైడ్ ఇనుముదాన్ని చంపుతుంది, మాంగనీసుదాన్ని ఏమీ చేయలేదు. అనుకున్నట్టే కింది గీత మాయం, పైది చెక్కుచెదరలేదు.

నాన్నకి ఫోన్ చేసి మాంగనీసు దొరికిందన్నాను.

"దానికి బెంగుళూరెందుకురా, ఇక్కడ గోతుల్లో లేదేటి?" అన్నాడు.