గుంపును ఆపేవాడు ముందురోజే పని మొదలుపెట్టాలి

జనం రోడ్డెక్కిన ప్రతిసారీ ఎంత బలగాన్ని దింపారన్నదే మన దగ్గర చర్చకు వస్తుంది. ఆ బలగాన్ని నడిపే అధికారి అంతకుముందు రోజు ఎవరెవరితో మాట్లాడాడన్నది ఎవరూ అడగరు. కోనసీమవాడిగా నాకు ఆ రెండో ప్రశ్నే ముఖ్యమనిపిస్తుంది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం మే 18న ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు పెట్టింది. వారం తిరగకముందే, మే 24న, నిషేధాజ్ఞలు అమల్లో ఉన్న అమలాపురంలోనే ఆ పేరు వద్దంటూ జనం కలెక్టరేట్ వైపు కదిలారు. రాళ్లు పడ్డాయి, బస్సులు కాలాయి, మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. (ఆ పేరుకు అభ్యంతరం చెప్పడమే తగదని నా అభిప్రాయం, అది వేరే సంగతి.)

నిషేధాజ్ఞ అధికారి చేతికి చట్టబలం ఇస్తుందే తప్ప, గుంపులో నలుగురూ మాట వినే మనిషిని ఇవ్వదు. పిలుపునిచ్చిన పెద్దలను ముందురాత్రే స్టేషన్‌లో కూర్చోబెడితే, మర్నాడు కుర్రాళ్లను "ఆగండ్రా" అనగల నోరు రోడ్డు మీద మిగలదు. పైగా ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్ ప్రకారం గుంపును చెదిరిపొమ్మని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌తో పాటు స్టేషన్ అధికారికీ, ఆయన లేనప్పుడు ఎస్సైకీ ఉంది. లాఠీ ఎవరి మాట మీద లేవాలో ఎస్పీ ముందే తేల్చకపోతే, మొదటి రాయి తగిలిన ఎస్సై కోపమే ఆ రోజుకు వ్యూహమైపోతుంది.

డెల్టాలో ఇంకో చిక్కుంది. మన రోడ్లు చాలావరకు కాలువ గట్లే కనుక, రెండువైపులా బారికేడ్లు పెట్టి తరిమితే జనం నీళ్లలోనైనా దూకాలి, తిరగబడనైనా తిరగబడాలి. తడిసిన ధాన్యం కొనాలంటూ రైతులు మా వంతెన మీద బైఠాయించినప్పుడు, అక్కడి సీఐ లాఠీలను జీపులోనే ఉంచి, అంబులెన్స్ పోయేంత దారికి తాడు కట్టించి, ఆ తాడును రైతుల పిల్లల చేతికే ఇచ్చాడు. "ఆర్డీవో గారొచ్చి కాయితం తీసుకుంటారండీ, అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను" అని పెద్దాయనతో చెప్పి, అన్నట్టే ఆయన పక్కన కూర్చున్నాడు.

ధాన్యం వేరు, కులాల పంతం వేరు అనవచ్చు, నిజమే. పంతం ఉన్నచోట అవతలి వర్గం పేటలూ ఉంటాయి, వాటికి కాపలా కావాలి. కాబట్టి బలగమంతటినీ కలెక్టరేట్ గేటు దగ్గర పోగెయ్యకుండా, చెదిరిన గుంపు ఎటు మళ్లుతుందో ఊహించి, ఆ పేటల మొగల్లోనూ ప్రజాప్రతినిధుల ఇళ్ల దగ్గరా ముందే నిలపాలి. అమలాపురంలో మంటలు లేచింది ఆ ఇళ్ల దగ్గరే.